30×40 సైట్‌లో మట్టి బ్లాకుల ఇల్లు: బెంగళూరులో వరుసగా చేసుకోవాల్సిన పనులు

మా ఇల్లు బెంగళూరులో హొరమావు వైపు. మన్నులో ఇసుక, కొద్దిగా సిమెంటు కలిపి మిషన్‌లో నొక్కిన బ్లాకులతో కట్టుకున్నాం. గృహప్రవేశం అయిన దగ్గర్నుంచి వచ్చిన చుట్టాలు, ఆఫీసువాళ్లు, చుట్టుపక్కల సైట్ కొనుక్కున్న తెలుగువాళ్లు అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. "గోడలకు ప్లాస్టరింగ్ ఎందుకు లేదు? మట్టి వానకు కరగదా? మేమూ ఇలా కట్టుకోవాలంటే ముందు ఎవరిని పట్టుకోవాలి?" గుమ్మంలో నిలబడి చెప్తే సగమే చెప్పినట్టవుతోంది. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

పర్యావరణానికి మేలు చేసే ఇల్లు అనగానే చాలామంది ముందు సోలార్ ప్యానెళ్ల కొటేషన్ తెచ్చుకుంటారు. అది ఆఖరున చేసే పని. ముందు ఎండ, గాలి తేల్చుకోవాలి. తర్వాత నీళ్లు. ఆ తర్వాతే గోడలు, స్లాబు. ఈ వరుస తప్పితే తర్వాత ఎంత డబ్బు పోసినా సరిదిద్దుకోలేం. పడమటి గోడకు పెద్ద అద్దాల కిటికీ పెట్టి ప్లాన్ గీయించుకున్నాక ఏ ప్యానెల్ కూడా ఆ గదిని చల్లబరచదు.

కింద చెప్పే లెక్కలన్నీ 30×40 అడుగుల సైట్‌లో, గ్రౌండ్ ఫ్లోర్ మీద ఇంకొక్క అంతస్తు వేసే ఇంటికి.

1. ప్లాన్ గీయించకముందు: సైట్ దగ్గర ఒక ఆదివారం

ఆర్కిటెక్ట్ దగ్గరకు వెళ్లకముందే ఒక రోజు సైట్ దగ్గర గడపండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండున్నరకి, సాయంత్రం నాలుగింటికి నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీయండి. నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతోనో, రాయి పెట్టో గుర్తు పెట్టుకోండి.

పక్క సైట్ ఇవాళ ఖాళీగా ఉంది కదా అని మోసపోవద్దు. అక్కడ రేపు మూడంతస్తులు లేస్తాయి, మీ గోడకీ వాళ్ల గోడకీ మధ్య కొన్ని అడుగులే మిగులుతాయి. ఆ ఇల్లు ఇప్పటికే అక్కడ ఉందనుకుని ప్లాన్ వేయించండి. పక్కల నుంచి వెలుతురు రాదని తెలిస్తే, ఇంటి నడుమ పైనుంచి వెలుతురు దిగే చోటు ఒకటి ముందే పెట్టుకుంటారు.

ఆ రోజు తెలుసుకుని రావాల్సినవి:

- రోడ్డు ఏ దిక్కున ఉంది, వాన నీళ్లు ఎటు పారుతున్నాయి
- పక్కవాళ్ల సంపు తవ్వినప్పుడు ఎన్ని అడుగులకు బండ తగిలింది
- చుట్టుపక్కల బోర్లు ఎంత లోతు, వేసవిలో నీళ్లుంటాయా
- పై అడుగున్నర పోయాక మన్ను ఎలా ఉంది: ఎర్రగా గరుకుగా ఉందా, నల్లగా జిగురుగా ఉందా
- బ్లాకులు కొట్టడానికి, ఆరబెట్టడానికి పక్కన ఖాళీ స్థలం దొరుకుతుందా

ఆఖరుది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చాలామందికి పని ఆగిపోయేది అక్కడే. మొత్తం సైట్‌లో పునాది తవ్వేస్తే బ్లాకులు నొక్కే మిషన్ ఎక్కడ పెడతారు? మేము ఎదురు సైట్ యజమానిని అడిగి నాలుగు నెలలకు అద్దెకు తీసుకున్నాం.

2. ఎండ, గాలి: కాగితం మీదే తేలిపోవాలి

బెంగళూరు భూమధ్యరేఖకు 13 డిగ్రీల ఉత్తరాన ఉంది. అందువల్ల ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి వాలి దాదాపు 54 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్‌లో కొద్దిగా ఉత్తరం వైపు ఉంటాడు, కానీ దాదాపు 80 డిగ్రీల ఎత్తులో.

దీన్నిబట్టి సజ్జల కొలతలు వచ్చేస్తాయి. దక్షిణం కిటికీకి రెండడుగుల సజ్జ వేస్తే డిసెంబరు మధ్యాహ్నం కూడా కిటికీలో రెండున్నర అడుగులకు పైగా నీడ పడుతుంది. ఉత్తరానికి అడుగు సజ్జ చాలు. తూర్పు, పడమరలకు మాత్రం ఎంత సజ్జ వేసినా పెద్దగా లాభం లేదు, ఎందుకంటే అక్కడ ఎండ అడ్డంగా వస్తుంది. అక్కడ కిటికీలు చిన్నవి చేయాలి, లేదా బయట తడకలు కట్టాలి.

పడమర, నైరుతి గోడల వెంట పడకగది మంచం రాకూడదు. మెట్లు, బాత్రూములు, అల్మారాలు అటు పెట్టించండి. మధ్యాహ్నపు వేడి వాటి దగ్గరే ఆగిపోతుంది. మెట్లు పడమరకో నైరుతికో ఉండటం వాస్తుకు కూడా నచ్చుతుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో గొడవ ఉండదు. ఈశాన్యంలో సంపు అంటే మాకూ అలాగే కుదిరింది.

గాలి విషయం: జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. ప్రతి గదికీ రెండు వేర్వేరు గోడల్లో తెరిచే చోట్లు ఉండాలి. ఒక్క కిటికీ ఎంత పెద్దదైనా గాలి ఆడదు. మెట్ల గది పైభాగంలో, మిద్దె మీదికి వచ్చే చోట, నాలుగు వైపులా జాలీలు పెట్టించండి. వేడిగాలి పైకి లేచి అక్కడి నుంచి బయటికి పోతూ కింది కిటికీల నుంచి చల్లగాలిని లాగుతుంది. దోమల మెష్ మాత్రం మరవొద్దు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. పై అంతస్తులో సాయంత్రం సూర్యుడు కనబడాలని పడమటికి ఆరడుగుల కిటికీ పట్టుబట్టి పెట్టించాను. మొదటి ఏప్రిల్‌లో ఆ గదిలో రాత్రి పది దాకా కూర్చోలేకపోయాం. లోపల మందపాటి కర్టెన్ వేసినా తేడా రాలేదు. అద్దం దాటి వచ్చిన వేడి ఇక గదిలోదే. తర్వాత కిటికీకి జానెడు దూరంలో బయట వెదురు తడక వేలాడదీసి, కింద కుండీలోంచి శంఖుపుష్పం తీగ పాకించాం. రెండో వేసవికి ఆ గది మామూలు గది అయింది. మీకు ఇప్పటికే కట్టిన ఇంట్లో పడమటి కిటికీ ఉంటే ఇదే చేయండి. అడ్డం లోపల కాదు, బయట ఉండాలి.

3. నీళ్లు: తవ్వకం మొదలుకాకముందే పైపులన్నీ తేలాలి

బెంగళూరులో సగటున ఏడాదికి దాదాపు 970 మి.మీ. వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. 93 చదరపు మీటర్లను 970 మి.మీ.తో హెచ్చిస్తే 90 వేల లీటర్లు. ఆవిరయ్యేవీ, మొదటి మురికి నీళ్లూ తీసేసినా 75 వేల లీటర్లు మీ చేతికి వస్తాయి. ఒక్క అంగుళం వాన పడితే 2,300 లీటర్లు. కావేరి నీళ్లను వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తి పోసుకునే ఊళ్లో, మన మిద్దె మీద పడ్డ నీళ్లను మోరీలోకి వదిలేయడం నాకు మనసొప్పదు. పైగా ఇక్కడ 1,200 చదరపు అడుగులు, ఆపైన సైట్లలో కొత్తగా కట్టే ఇళ్లకు వాన నీటి ఏర్పాటు తప్పనిసరి కూడా.

నీళ్లు పోయే వరుస ఇది:

మిద్దె వాలు → నాలుగంగుళాల పైపు → మొదటి వాన నీళ్లు విడదీసే పైపు → ఫిల్టర్ → సంపు → సంపు నిండితే ఇంకుడు బావి

మొదటి ఒకటి రెండు మి.మీ. వానలో మిద్దె మీది దుమ్ము, పావురాల రెట్టలు కొట్టుకొస్తాయి. అవి ఫిల్టర్‌కు చేరకుండా బయటికి వదలాలి. మా మిద్దెకు వంద, రెండొందల లీటర్లు వదిలితే సరిపోతుంది. ఆ పైపు అడుగున మూత ఉంటుంది, ప్రతి వాన తర్వాత తెరిచి ఖాళీ చేయాలి. దాన్ని చేతికి అందే ఎత్తులో పెట్టించండి. నిచ్చెన వేసుకుని ఎక్కాల్సి వస్తే రెండో నెలకే మానేస్తారు.

జయనగర్‌లో జలమండలి వాళ్ల వర్షపు నీటి సేకరణ థీమ్ పార్క్ ఉంది. ప్లంబర్‌ను కూడా వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. కళ్లతో చూసిన ప్లంబర్ సరిగ్గా చేస్తాడు.

ఇంకుడు బావి. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు తవ్విస్తే అందులోనే నాలుగు వేల లీటర్లు పడతాయి, పట్టినవి పట్టినట్టే ఇంకిపోతుంటాయి. బెంగళూరులో ఈ పని తరతరాలుగా చేసేవాళ్లు మణ్ణు వడ్డర్లు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే.

మా బావికి ముగ్గురు వచ్చారు. పొట్టి పిడి ఉన్న పార, గునపం, తాడు, బకెట్. అంతే సామాను. ఒకాయన లోపల గొంతుక్కూర్చుని తవ్వుతుంటే ఇద్దరు పైనుంచి బకెట్ లాగుతున్నారు. పదహారో అడుగులో లోపలాయన గుప్పెడు మన్ను బకెట్లో వేసి పంపి, "ఎర్రమన్ను అయిపోయి సుద్దమన్ను వచ్చిందమ్మా, ఇంకో నాలుగడుగులు పోదాం, ఇసక తగిలితే నీళ్లు లాగుతుంది" అన్నాడు. ఇరవై ఒకటో అడుగులో గరుకు మన్ను తగిలింది. అక్కడ ఆపాం. మీరూ లోతు ముందే ఖాయం చేసుకోకుండా మన్ను చూసి ఆపండి.

బావి పని మొదలుపెట్టకముందు చూసుకోవాల్సినవి:

- సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి పెట్టాలి, మధ్యలో సిమెంటు పూయకూడదు. నీళ్లు ఇంకేది ఆ సందుల్లోంచే
- రింగులకీ మన్నుకీ మధ్య కంకర నింపాలి
- అడుగున కాంక్రీటు వేయకూడదు
- మరుగుదొడ్డి నీళ్లు, సబ్బు నీళ్లు చుక్క కూడా పోకూడదు
- పైన గట్టి మూత, తాళం. పిల్లలున్న ఇల్లయితే ఇందులో రాజీ వద్దు

బోరు ఉంటే వాన నీళ్లను నేరుగా బోరులోకి వదలకండి. దుమ్ము, మురికి లోపలి నీటిదాకా దిగిపోతాయి, తీయలేం.

వాడిన నీళ్లు. స్నానం, వాషింగ్ మెషిన్ నీళ్లకు ఒక పైపు, మరుగుదొడ్డికి వేరే పైపు. ఇది కట్టేటప్పుడే చేయాలి, తర్వాత కుదరదు. ఆ నీళ్లను కంకర, ఇసుక నింపి మెట్టతామర నాటిన తొట్టిలోంచి పోనిస్తే మొక్కలకు, ఫ్లష్‌కు వాడుకోవచ్చు. వంటింటి నీళ్లలో నూనె ఉంటుంది, దాన్ని ఇందులో కలపకండి. వాసన వస్తోందంటే నీళ్లు ఒక రోజుకు మించి నిలబడుతున్నాయని అర్థం.

4. మట్టి పరీక్ష: ఒక గాజు సీసా చాలు

పై అడుగున్నర మన్నులో వేళ్లు, ఆకులు ఉంటాయి. అది బ్లాకులకు పనికిరాదు. పక్కన కుప్ప పోయించుకోండి, మిద్దె తోటకు బంగారం లాంటిది. దాని కింది మన్నే మనకు కావాల్సింది.

నిలువుగా సమానంగా ఉండే గాజు సీసాలో మూడో వంతు మన్ను, మిగతా నీళ్లు పోసి చిటికెడు ఉప్పు వేయండి. మూత పెట్టి రెండు నిమిషాలు బాగా ఊపి కదలని చోట పెట్టండి. నిమిషంలోపే ఇసుక అడుగుకు చేరుతుంది. తర్వాత కొన్ని గంటల్లో మెత్తటి ఒండ్రు. బంకమన్ను పైపొరగా తేరుకోవడానికి ఒక రోజు పడుతుంది. మర్నాడు స్కేలు పెట్టి మూడు పొరలూ కొలవండి.

బ్లాకుకు కావాల్సింది 65 నుంచి 70 శాతం ఇసుక, 10 నుంచి 15 శాతం బంకమన్ను. మా సీసాలో ఇసుక సగం, ఒండ్రు పావు, బంకమన్ను పావు వచ్చాయి. రెండు పాళ్ల మన్నుకు ఒక పాలు ఎం-శాండ్ (రాయిని పొడి చేసి తీసిన ఇసుక) కలిపాక దగ్గరకు వచ్చింది. బెంగళూరు ఎర్రమన్నుకు చాలాచోట్ల ఇలా ఇసుక కలపాల్సిందే. నల్లరేగడి తగిలితే సిమెంటుతో బ్లాకులు కొట్టొద్దు. అది తడికి ఉబ్బి, ఎండకు పగులుతుంది. వేరే చోటు నుంచి మన్ను తెప్పించుకోండి.

సీసా లెక్క మొదటి అంచనాకే. పని మొదలుపెట్టే ముందు ల్యాబ్‌లో కూడా చేయించండి.

5. బ్లాకులు కొట్టడం

ఎక్కువ వాడేది 230×190×100 మి.మీ. సైజు. 190 మి.మీ. మందం గోడకు చదరపు మీటరుకు 38 బ్లాకులు పడతాయి. మీ గోడల విస్తీర్ణాన్ని దీంతో హెచ్చించి, ఒక్కో బ్లాకుకు 8 కిలోల మన్ను చొప్పున చూసుకోండి. పునాది, సంపు తవ్వకంలో వచ్చే మన్ను చాలదని తేలితే ముందే తెలుస్తుంది.

1. మన్ను ఆరబెట్టి 5 మి.మీ. జల్లెడ పట్టాలి.
2. ఇసుక కలిపాక, బరువులో 7 నుంచి 8 శాతం సిమెంటు పొడిగానే కలపాలి. రంగు ఒకేలా వచ్చేదాకా తిరగేయాలి.
3. నీళ్లు చిలకరిస్తూ కలపాలి. ఒక్కసారిగా పోయకూడదు.
4. పిడికెడు తీసుకుని ఉండ చేసి నడుమెత్తు నుంచి జారవిడవండి. మూడు నాలుగు ముక్కలైతే తడి సరిపోయింది. పొడిపొడిగా రాలితే నీళ్లు చాలలేదు. పగలకుండా అణిగిపోతే ఎక్కువయ్యాయి.
5. ఒక్కో బ్లాకుకు పదును మన్ను తూకం వేసి మిషన్‌లో పోయాలి. చేతి అంచనా వద్దు.
6. నీళ్లు కలిపిన మన్ను అరగంటలో అయిపోవాలి. టీ తాగి వచ్చి మిగిలిన మన్నులో మళ్లీ నీళ్లు పోసి కొట్టిన బ్లాకులు తర్వాత గోరుతో గీరితే రాలతాయి.
7. నీడలో పేర్చి, గోనెపట్టాలు కప్పి, 28 రోజులు తడుపుతూ ఉండాలి.

50 కిలోల బస్తాకు 90 బ్లాకుల లోపే రావాలి. సాయంత్రం ఖాళీ బస్తాలు, బ్లాకులు రెండూ లెక్కపెట్టండి. నూట ఇరవై వచ్చాయంటే సిమెంటు తగ్గినట్టే.

క్యూరింగ్ అయ్యాక ప్రతి వెయ్యిలో కొన్నిటిని తీసి ఒక రోజంతా నీళ్లలో నానబెట్టండి. అంచులు మెత్తబడితే ఆ వరుస మొత్తాన్ని పక్కన పెట్టండి. తడిసినప్పుడు బ్లాకు ఎంత బరువు ఆపుతుందో (తడి బలం) ల్యాబ్ రిపోర్టు తీసుకోండి. మా ఇంజినీరు 3.5 మెగాపాస్కల్‌కు తగ్గకూడదన్నారు. ఆ రిపోర్టు ఇంకో పనికి కూడా వచ్చింది. బ్యాంకు తరఫున చూడ్డానికి వచ్చినాయన "మట్టి ఇంటికి లోనా?" అని ఆగిపోతే, రిపోర్టు, ఇలాంటి మట్టి బ్లాకులకున్న భారత ప్రమాణం నంబరు ఐఎస్ 1725 చూపించాం. ఈ బ్లాకుల మీద ఇదే ఊళ్లోని భారతీయ విజ్ఞాన సంస్థలో దశాబ్దాలుగా పరిశోధన జరిగిందని కూడా చెప్పాం. టెన్షన్ తీరింది.

కొట్టించుకునే వీలు లేకపోతే తయారైన బ్లాకులు కొనండి. నానబెట్టే పరీక్ష మాత్రం వాటికీ చేయాలి.

6. గోడ కట్టడం

మట్టి గోడకు శత్రువు పైనుంచి పడే వాన కాదు, నేల మీద పడి ఎగిరి కొట్టే వాన. కాబట్టి నేల నుంచి రెండడుగులు సైజు రాళ్లతో (కొలతకు కొట్టిన రాళ్లు) బేస్‌మెంట్ లేపి, దాని మీద తడి ఎక్కకుండా ఆపే పొర (డీపీసీ) వేసి, అప్పుడు బ్లాకులు మొదలుపెట్టాలి.

- పెట్టే ముందు ప్రతి బ్లాకునూ తడపాలి
- సిమెంటు ఒక పాలు, జల్లించిన మన్ను ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. సిమెంటు ఎక్కువ వేస్తే మేలనుకునే మేస్త్రీలుంటారు, వద్దని చెప్పండి. బ్లాకు కంటే అతుకు గట్టిదైతే పగులు బ్లాకులో వస్తుంది
- లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం) మట్టంలో ఇంటి చుట్టూ కాంక్రీటు బ్యాండ్ తెగకుండా పోవాలి
- బాత్రూముల లోపలి గోడలకు ప్లాస్టరింగ్, టైల్స్ తప్పవు

కరెంటు పైపులు అసలు సమస్య. ప్లాస్టరింగ్ చేసే ఇంట్లో గోడ చెక్కి పైపు పెట్టి పూసేస్తారు. ఇక్కడ చెక్కితే ఆ గాయం ఎప్పటికీ కనబడుతుంది. మా హాల్లో టీవీ వెనక ఒక చోటు అలాగే ఉంది. గోడ మొదలుకాకముందే స్విచ్చులు, ఏసీ, ఇన్వర్టర్, కెమెరా, వైఫై పాయింట్లన్నీ డ్రాయింగ్‌లో పెట్టించండి. ప్రతి వరుసా లేచేటప్పుడు ఎలక్ట్రీషియన్ పక్కనుండి పైపు నిలబెట్టాలి. తర్వాత ఏదైనా గుర్తొస్తే గోడను చెక్కకుండా పైనుంచి కేసింగ్ (వైర్లు దాచే పట్టీ) వేయించుకోవడమే మంచిది.

కట్టడానికి కావేరి నీళ్లు వాడకండి. 2024 మార్చి కరువులో జలమండలి తాగునీటిని నిర్మాణానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. శుద్ధి చేసిన మురుగునీళ్ల ట్యాంకర్ తెప్పించుకుంటే, దాన్ని కాంక్రీటుకు వాడే ముందు ఇంజినీరుతో పరీక్ష చేయించండి. గోడలకు గోనెపట్టాలు కట్టి తడిపితే పైపుతో కొట్టే నీళ్లలో చాలా మిగులుతాయి.

7. స్లాబు

స్లాబులో కింది సగం కాంక్రీటు బరువే తప్ప పెద్దగా పని చేయదు, లాగుడంతా చువ్వలే మోస్తాయి. ఆ చోట మంగళూరు పెంకులు పెట్టి కాంక్రీటులో ఐదో వంతు దాకా ఆదా చేసేదే ఫిల్లర్ స్లాబు. ఇది ఇంజినీరు డ్రాయింగ్ లేకుండా చేయకండి. బాల్కనీలకు, బాత్రూముల పైకప్పుకు మామూలు స్లాబే మంచిది.

కాంక్రీటు వేసే ముందు రోజు పెంకులు నానబెట్టండి. పొడి పెంకు కాంక్రీటులోని నీళ్లు తాగేస్తుంది. కూలీలు పెంకుల మీద నడవకుండా చెక్కలు పరచండి. ఫ్యాన్ పెట్టెలు, లైట్ పాయింట్లు పెంకుల మధ్య గాడిలోనే రావాలి.

ఇంట్లోకి ఎక్కువ వేడి వచ్చేది పై స్లాబు నుంచి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక తెల్ల టైల్స్ వేయండి, అంత ఖర్చు వద్దంటే ప్రతి ఫిబ్రవరిలో సున్నం కొట్టించండి. తేడా అరికాళ్లకే తెలుస్తుంది.

8. సోలార్, కుళాయిలు

ఇక్కడికి వచ్చేసరికి మీకు కావాల్సిన కరెంటే తగ్గిపోయి ఉంటుంది. ఒక కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు, రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు అనుకోండి. పీఎం సూర్య ఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మిద్దె నుంచి మీటరు బోర్డు దాకా ఖాళీ పైపు ఒకటి గోడ కట్టేటప్పుడే వేసి ఉంచాలి. సోలార్ గీజర్ బాత్రూములకు సరిగ్గా పైన పెట్టండి, వేడినీళ్ల కోసం బకెట్ చన్నీళ్లు వదిలే బాధ తప్పుతుంది. కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీళ్లు తగ్గించే జాలీలు), ఫ్లష్‌కు రెండు బటన్లు పెట్టించండి.

9. ఇంట్లో దిగాక వచ్చే సమస్యలు

- గోడ కింది వరుసల్లో తెల్లటి ఉప్పు: తడి ఎక్కడి నుంచి ఎక్కుతోందో వెతకండి, సాధారణంగా మొక్కల కుండీయో, కారే పైపో ఉంటుంది. ఆరాక పొడి బ్రష్‌తో దులపండి. పైన పెయింట్ వేసి కప్పొద్దు
- వాన వైపు గోడ రంగు మారడం: సజ్జ పొడిగించండి, లేదా ఆ ఒక్క గోడకు మట్టి, సున్నం కలిపిన పూత వేయించండి
- ఇంకుడు బావి నిండి దిగకపోవడం: అడుగున ఒండ్రు పేరుకుంది. ఎండాకాలంలో తవ్వినవాళ్లనే పిలిచి తీయించండి
- సంపు నీళ్లు ఎర్రగా రావడం: మొదటి వాన నీళ్ల పైపు మూత తెరవడం మరిచిపోయారు

బెంగళూరులో మొదటి పెద్ద వానలు ఏప్రిల్, మే నెలల్లోనే కొడతాయి. ఉగాది సెలవు రోజు మిద్దె ఊడ్చి, ఫిల్టర్ విప్పి కంకర కడిగి, బావి మూత తీసి చూసుకోండి. మా ఇంట్లో పిండివంట పొయ్యి మీద ఉండగానే ఆ పని అయిపోతుంది.